ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలో మురుగునీటి పారుదల, శుద్ధి, పునర్వినియోగం

ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని రెండు ముఖ్య పట్టణాలు. ఈ పట్టణాలలోని ఇళ్ళనుండి, అంగళ్ళనుండి, కార్ఖానాలనుండి వెలువడే మురుగునీటిని సేకరించి, శుద్ధిచేసి, తిరిగి సేద్యానికి గాని పరిశ్రమలకు గాని వాడుకొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ విధానానికి మూడు అంగాలు కలవు. అవి సేకరణ, శుద్ధి, వినియోగం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండింటిపై వెచ్చించిన ధనం చాలావరకు వృథా అవుతుంది. గొట్టాలు లేని శుద్ధి కేంద్రానికి మురుగునీరు చేరదు. శుద్ధి కేంద్రం లేని గొట్టాలు ఊరి మురికిని ఒకచోటనుండి మరొకచోటికి చేరుస్తాయి, అంతే. శుద్ధమైన నీటిని తీసుకొనేవారు లేకపోతే ఆ నీరు మళ్ళీ మురికి వాగులోనే కలుస్తుంది.

== పట్టణాలు, వాటి నీటి వనరులు ==

ఆదోని పురపాలక సంఘం 1865లో ఏర్పడినది. రాష్ట్రంలోని పాత పురపాలక సంఘాలలో ఇది ఒకటి. 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించినపుడు బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరినవి. వీటిలో మొదటి రెండు కర్నూలు జిల్లాలో కలిసినవి. ఆదోని ప్రత్తి వ్యాపారానికి, జిన్నింగు మిల్లులకు, నూనె మిల్లులకు ప్రసిద్ధి. దీనికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో గల ఎమ్మిగనూరు చేనేతకు పేరుగాంచినది. ఇక్కడి చేనేత సహకార సంఘాన్ని 1938లో మాచాని సోమప్ప నెలకొల్పారు. ఆయనకు 1954లో పద్మశ్రీ పురస్కారం లభించినది. 2022లో కర్నూలు జిల్లాను విభజించి నంద్యాల జిల్లాను ఏర్పరచిన తరువాత కూడా ఈ రెండు పట్టణాలు కర్నూలు జిల్లాలోనే ఉన్నవి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఆదోని జనాభా సుమారు 1,66,000, ఎమ్మిగనూరు జనాభా సుమారు 95,000. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున ఈ వ్యాసంలోని లెక్కలకు 2011 సంఖ్యలనే ఆధారంగా తీసుకోవడమైనది.

ఈ ప్రాంతం వర్షాభావ ప్రాంతం. భూగర్భంలో ఎక్కువగా గ్రానైటు వంటి గట్టి రాయి ఉండుటచేత బావులలో, బోర్లలో నీరు పరిమితంగానే లభిస్తుంది. పలుచోట్ల ఆ నీటిలో ఫ్లోరైడు కూడా అధికంగా ఉంటుంది. అందువలన రెండు పట్టణాలూ తాగునీటికి ప్రధానంగా తుంగభద్ర దిగువ కాలువ మీద ఆధారపడినవి. ప్రజలు దీనిని ఎల్లెల్సీ అని పిలుస్తారు. కర్ణాటకలోని హోసపేట వద్దగల తుంగభద్ర ఆనకట్టనుండి బయలుదేరే ఈ కాలువ బళ్ళారి ప్రాంతం గుండా కర్నూలు జిల్లాలో ప్రవేశిస్తుంది. కాలువకు ఏడాది పొడవునా నీరు రాదు. నీరున్న నెలలలోనే వేసవి నిల్వ చెరువులను, అనగా ఎస్.ఎస్. ట్యాంకులను, నింపుకొని కాలువ మూసివేసిన తరువాత వాడుకోవలసి ఉంటుంది.

తుంగభద్ర జలాశయం మొదటి సామర్థ్యం సుమారు 133 టి.ఎం.సి.లు. పూడిక వలన అది సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయి చాలా నీరు నదిలోకి పోయినది. తరువాత కొద్ది రోజులలోనే తాత్కాలిక స్టాప్‌లాగ్ గేటును అమర్చి నీటిని నిలుపగలిగారు. దూరాన గల ఒకే జలాశయం మీద, ఒకే కాలువ మీద ఆధారపడిన పట్టణాలకు ఇటువంటి ఆపద ఎంత దగ్గరగా ఉన్నదో ఈ సంఘటన తెలియజేసినది. ఒకసారి వాడిన నీటిని మరల వాడుకొనే ప్రశ్న ఈ నేపథ్యంలోనే ముఖ్యమైనది.

== ఇప్పటి పద్ధతి: మోరీలు, సెప్టిక్ ట్యాంకులు ==

రెండు పట్టణాలలోనూ మురుగునీరు ప్రధానంగా రెండు దారులలో పోతుంది. స్నానాల గది, వంటగది, బట్టలుతికే చోటునుండి వచ్చే నీరు వీధిపక్క మోరీలలో పారుతుంది. మరుగుదొడ్ల నీరు సెప్టిక్ ట్యాంకులకు పోతుంది. అక్కడ నిండి పొంగిన నీరు ఇంకుడు గుంతలోకో, తరచుగా అదే మోరీలోకో చేరుతుంది.

సెప్టిక్ ట్యాంకు పూర్తి శుద్ధి సాధనం కాదు. దానిలో బరువైన మలినం అడుగున పేరుకొంటుంది, పైన కొంత తేరిన నీరు బయటకు పోతుంది. ఆ నీటిలో రోగకారక క్రిములు ఇంకా ఉంటాయి. రెండు మూడు సంవత్సరాలకొకసారి అడుగు మడ్డిని తీయించవలెను. అట్లు తీయించనిచో ట్యాంకు నిండిపోయి, లోపలికి వచ్చిన మలినం వచ్చినట్లే బయటకు పోతుంది. మడ్డిని తోడుకొనిపోయే ట్యాంకరు దానిని ఊరి బయట వాగులోనో, బీడులోనో వదిలిపెడితే ఇంట్లో జరిగిన కొద్దిపాటి శుద్ధి కూడా నిష్ఫలమవుతుంది.

రాతి నేలలో మరొక చిక్కు కలదు. మెత్తని మట్టిలో ఇంకే నీటిని మట్టి కొంత వడగడుతుంది. పగుళ్ళున్న గ్రానైటులో ఇంకిన నీరు ఆ పగుళ్ళ వెంబడి త్వరగా బోర్లను చేరగలదు. సెప్టిక్ ట్యాంకులు దట్టంగా ఉన్న వీధులలో భూగర్భ జలంలో నైట్రేటు పెరుగుతుంది. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదు. అంతకు మించిన నీరు పసిబిడ్డలకు ప్రమాదకరం.

తాగునీటి గొట్టాలు మోరీలను దాటిపోయే చోట్ల కూడా అపాయం ఉన్నది. నీటి సరఫరా లేని గంటలలో గొట్టంలో ఒత్తిడి ఉండదు. అప్పుడు చిన్న రంధ్రం ఉన్నా మోరీ నీరు లోపలికి పీల్చబడుతుంది. రోజు విడిచి రోజు కొద్ది గంటలు మాత్రమే నీరు వదిలే పట్టణాలలో ఈ అపాయం అధికం. వానాకాలపు తొలి రోజులలో అతిసారం, కామెర్లు, టైఫాయిడు వంటి జబ్బులు పెరుగుటకు గల కారణాలలో ఇది ఒకటి. కనుక మురుగునీటి వ్యవస్థ అనగా వీధి శుభ్రత మాత్రమే కాదు, తాగునీటికి రక్షణ కూడా.

== మురుగునీరు ఎంత? ==

శుద్ధి కేంద్రం పరిమాణాన్ని నిర్ణయించుటకు ముందు మురుగునీటి లెక్క తెలియవలెను. కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు సంస్థ మార్గదర్శకాల ప్రకారం భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణానికి మనిషికి రోజుకు 135 లీటర్లు, అది లేని పట్టణానికి 70 లీటర్లు సరఫరా చేయవలెను. ఇచ్చిన నీటిలో సుమారు 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తుందని అంచనా. ఈ రెండు హద్దుల మధ్య లెక్క ఇట్లు ఉంటుంది (ఎం.ఎల్.డి. అనగా రోజుకు పది లక్షల లీటర్లు):

* ఆదోని: 70 లీటర్ల చొప్పున సుమారు 9.3 ఎం.ఎల్.డి.; 135 లీటర్ల చొప్పున సుమారు 18 ఎం.ఎల్.డి.
* ఎమ్మిగనూరు: 70 లీటర్ల చొప్పున సుమారు 5.3 ఎం.ఎల్.డి.; 135 లీటర్ల చొప్పున సుమారు 10.3 ఎం.ఎల్.డి.
* రెండూ కలిపి సంవత్సరానికి: 53 లక్షల ఘనమీటర్లనుండి 1.03 కోట్ల ఘనమీటర్ల వరకు.

ఒక టి.ఎం.సి. 2.83 కోట్ల ఘనమీటర్లకు సమానం. కావున ఈ మొత్తం 0.19 నుండి 0.36 టి.ఎం.సి. వరకు ఉంటుంది. ఇది పెద్ద కాలువలతో పోల్చదగినది కాదు. అయితే కాలువ మూసివేసిన నెలలలో కూడా ఆగకుండా వచ్చే నీరు ఇదే. ఒక మెట్టపంటకు హెక్టారుకు 6,000 ఘనమీటర్ల నీరు కావలెననీ, శుద్ధిలోను నిల్వలోను ఐదవ వంతు తరుగు పోతుందనీ అనుకొంటే, ఈ నీటితో సుమారు 1,700 నుండి 3,400 ఎకరాల వరకు ఒక పంట పండించవచ్చును.

ఇళ్ళ మురుగునీటిలో లీటరుకు 30 నుండి 50 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. కొంత భాస్వరం కూడా ఉంటుంది. సేద్యానికి వాడినపుడు ఇవి ఎరువుగా ఉపయోగపడతాయి. అవే పోషకాలు చెరువులో కలిస్తే గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరిగి నీరు చెడిపోతుంది.

== మురుగు గొట్టాల వ్యవస్థ ==

భూగర్భ మురుగునీటి పారుదలలో ఇంటి గొట్టం వీధి గొట్టంలోను, వీధి గొట్టం పెద్ద గొట్టంలోను కలుస్తూ చివరకు శుద్ధి కేంద్రానికి చేరుతుంది. నీరు వాలు వెంబడి తనంతట తానే పారవలెను. వాలు చాలని చోట పంపింగు కేంద్రం అవసరమవుతుంది. వీధి గొట్టపు కనీస వ్యాసం సాధారణంగా 150 మిల్లీమీటర్లు. మలుపులలోను, గొట్టాలు కలిసే చోట్లను, తిన్నని దారిలో సుమారు 30 మీటర్లకొకటి చొప్పునను మ్యాన్‌హోళ్ళు నిర్మిస్తారు. వ్యవస్థను 30 సంవత్సరాల అవసరాలకు సరిపడేటట్లు రూపొందిస్తారు.

ఉదయపు వేళ అందరూ ఒకేసారి నీరు వాడుటచేత గొట్టంలో ప్రవాహం సగటుకంటె చాలా పెరుగుతుంది. 50,000 నుండి 7.5 లక్షల జనాభా గల పట్టణాలకు ఈ గుణకాన్ని 2.25గా తీసుకొంటారు. ఆ ప్రకారం 18 ఎం.ఎల్.డి. సగటు గల ఆదోనికి ప్రధాన గొట్టం సుమారు 40 ఎం.ఎల్.డి. వేగాన్ని తట్టుకోవలెను.

=== స్వయం శుభ్రతా వేగం ===

గొట్టంలో మలినం అడుగున పేరుకొనకుండా ఉండవలెనంటే రోజుకొకసారైనా నీరు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారవలెను. దీనిని స్వయం శుభ్రతా వేగం అంటారు. వేగం 3 మీటర్లకు మించితే గొట్టం అరిగిపోతుంది.

ఆదోని, ఎమ్మిగనూరు వంటి పట్టణాలకు ఈ నియమం చాలా ముఖ్యమైనది. తాగునీరు తక్కువగా, విడతలుగా వచ్చేచోట మురుగు ప్రవాహం కూడా తక్కువే. 135 లీటర్ల లెక్కతో వేసిన పెద్ద గొట్టంలో అందులో సగం నీరు పారితే వేగం చాలక ఇసుక, బూడిద, ప్లాస్టిక్ సంచులు అడుగున నిలిచి గొట్టం పూడుకొనిపోతుంది. ఇళ్ళలో సగం మాత్రమే కలుపుకొన్నా ఫలితం అదే. కనుక ఇంటింటి కనెక్షను అనేది పథకం ముగిసిన తరువాత చూచుకోదగిన చిన్న పని కాదు. గొట్టం సక్రమంగా పనిచేయుటకు అది మొదటి షరతు. పేద కుటుంబాలకు కనెక్షను ఖర్చు భారమైతే దానిని పథకపు వ్యయంలోనే చేర్చుట మేలు.

=== నేల స్వభావం ===

ఆదోని గ్రానైటు కొండల నడుమ ఉన్నది. కొండవాలు వీధులలో నీటి వాలుకు కొదవ లేదు, కాని కందకాలు త్రవ్వుటకు రాయి అడ్డు. ఇరుకైన పాత వీధులలో రాయిని పేల్చడం సాధ్యం కాదు, యంత్రాలతో పగులగొట్టవలెను. నల్లరేగడి నేలలలో సమస్య వేరు. రేగడి వానకు ఉబ్బి, ఎండకు పగులుతుంది. ఆ కదలికకు గొట్టాల అతుకులు విడిపోతాయి. అందుచేత గొట్టం క్రింద, చుట్టూ ఇసుక పరుపు వేసి, వంగే స్వభావం గల అతుకులను వాడుతారు.

మురుగునీరు గొట్టంలో నిలిచిపోతే హైడ్రోజన్ సల్ఫైడు అనే విషవాయువు పుడుతుంది. అది తేమతో కలిసి గంధకామ్లంగా మారి సిమెంటు గొట్టపు పైకప్పును తినివేస్తుంది. వేడి ప్రాంతాలలో ఈ చర్య వేగంగా జరుగుతుంది. అందుకే వీధి గొట్టాలకు పింగాణీ పూత మట్టిగొట్టాలను, పి.వి.సి. లేక పాలిథిలీను గొట్టాలను ఎంచుకొంటారు.

=== ఇతర పద్ధతులు ===

* '''చిన్న గొట్టాల పద్ధతి:''' సెప్టిక్ ట్యాంకును తీసివేయక, దానినుండి వచ్చే తేరిన నీటిని మాత్రమే సన్నని గొట్టాలలో పంపుతారు. మడ్డి లేనందున తక్కువ నీటితోను, తక్కువ వాలుతోను పనిచేస్తుంది. ట్యాంకులను క్రమం తప్పక శుభ్రం చేయించుట దీనికి ప్రాణం.
* '''లోతు తక్కువ గొట్టాల పద్ధతి:''' వాహనాలు తిరగని సందులలో గొట్టాలను లోతు లేకుండా వేస్తారు. బ్రెజిలులో ఈ పద్ధతి విస్తరించినది. 1980లో కరాచీలో అఖ్తర్ హమీద్ ఖాన్ ప్రారంభించిన ఓరంగీ పథకంలో ప్రజలే తమ సందులలో గొట్టాలను వేసుకొన్నారు.
* '''మోరీల మళ్ళింపు:''' ఊరి చివర మోరీలు వాగులో కలిసే చోట అడ్డుకట్ట వేసి, వానలేని రోజుల నీటిని శుద్ధి కేంద్రానికి మళ్ళిస్తారు. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా కనిపిస్తుంది. అయితే వీధులలో మోరీల మురికి అట్లే ఉంటుంది, పెద్దవానకు అంతా వాగులోకే పోతుంది. కాబట్టి దీనిని తొలిమెట్టుగానే చూడవలెను.

== శుద్ధి విధానం ==

మురుగునీటిలోని మలినాన్ని కొలిచే ముఖ్య కొలత బి.ఓ.డి. నీటిలోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు కుళ్ళింపజేయుటకు ఎంత ప్రాణవాయువు అవసరమో అది తెలుపుతుంది. ఇళ్ళ మురుగులో ఇది సాధారణంగా లీటరుకు 200 నుండి 300 మిల్లీగ్రాములు ఉంటుంది. శుద్ధి ఈ క్రింది దశలలో జరుగుతుంది.

# '''వడపోత:''' ఇనుప చువ్వల జాలి గుడ్డలను, ప్లాస్టిక్‌ను ఆపుతుంది. తరువాతి తొట్టిలో ఇసుక దిగుతుంది.
# '''తేరుట:''' పెద్ద తొట్టిలో నీరు నెమ్మదిగా కదలునపుడు బరువైన మలినం అడుగుకు చేరుతుంది.
# '''జీవ శుద్ధి:''' గాలి పట్టించిన తొట్టిలో బాక్టీరియా మలినాన్ని తిని పెరుగుతుంది. 1914లో ఇంగ్లాండులోని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించిన ఉత్తేజిత మడ్డి పద్ధతి దీనికి మూలం.
# '''క్రిమి సంహారం:''' తేరిన నీటిలో క్లోరిన్ కలుపుతారు, లేక అతినీలలోహిత కిరణాలను ప్రసరింపజేస్తారు.
# '''తృతీయ శుద్ధి:''' పరిశ్రమలకు ఇవ్వవలసినచో ఇసుక వడపోత, పలుచని పొరల వడపోత, రివర్స్ ఆస్మాసిస్ వంటివి అదనంగా జరుపుతారు.

గాలి యంత్రాలతో నడిచే కేంద్రానికి స్థలం తక్కువ చాలును, కాని విద్యుత్తు నిరంతరం కావలెను. కరెంటు బిల్లు చెల్లించలేని పురపాలక సంఘం చేతిలో ఇటువంటి కేంద్రం కొన్నాళ్ళకు మూతపడుతుంది. దీనికి బదులుగా వరుస కుంటల పద్ధతి కలదు. ఇందులో లోతైన కుంట, మధ్యస్థ కుంట, లోతు తక్కువ కుంట అని మూడు రకాల కుంటలు ఉంటాయి. నీరు రెండు మూడు వారాలపాటు వీటి గుండా నెమ్మదిగా కదులుతుంది. ఎండ, నాచు, బాక్టీరియా కలిసి శుద్ధి చేస్తాయి. నులిపురుగుల గ్రుడ్లు అడుగున దిగిపోవుట దీని ప్రత్యేక లాభం. రాయలసీమ ఎండ ఈ పద్ధతికి అనుకూలం.

కుంటలకు స్థలం ఎక్కువ కావలెను. ఎం.ఎల్.డి.కి ఒక హెక్టారు చొప్పున లెక్కించినా ఆదోనికి సుమారు 18 హెక్టార్లు, అనగా 45 ఎకరాలు అవసరం. ఏటా 2 మీటర్ల మందం నీరు ఆవిరైపోతుందని అనుకొన్నా నష్టం 3.6 లక్షల ఘనమీటర్లు. వచ్చే 65.7 లక్షల ఘనమీటర్లలో ఇది ఆరు శాతానికి లోపే. కనుక ఆవిరి నష్టానికి భయపడి ఈ పద్ధతిని కాదనవలసిన పని లేదు. స్థలం లభించునా అనేదే అసలు ప్రశ్న.

2017 అక్టోబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ప్రకటించిన ప్రమాణాల ప్రకారం మహానగరాలు కాని చోట్ల శుద్ధజలంలో బి.ఓ.డి. 30 మిల్లీగ్రాములు, మలసంబంధ కోలిఫాం బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 1,000 మించరాదు. 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బి.ఓ.డి.ని 10కి పరిమితం చేస్తూ మరింత కఠినమైన ప్రమాణాలను ఆదేశించినది.

== పునర్వినియోగం ==

=== సేద్యం ===

దేశంలోని అనేక పట్టణాల దిగువన రైతులు మురుగునీటిని శుద్ధి లేకుండానే పైరుకు పెట్టుకొంటున్నారు. నీరు, ఎరువు రెండూ ఉచితంగా లభించుట దీనికి కారణం. దీనివలన పొలంలో పనిచేసేవారికి నులిపురుగుల వ్యాధులు, తినేవారికి అతిసారం సోకవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో పచ్చిగా తినే పంటలకు వాడే నీటిలో 100 మిల్లీలీటర్లకు 1,000కి మించి మలసంబంధ కోలిఫాం, లీటరుకు ఒకటికి మించి నులిపురుగు గ్రుడ్డు ఉండరాదని సూచించినది. 2006లో ఈ సూచనలను సవరించి, శుద్ధితో పాటు పంట ఎంపిక, నీరుపెట్టే పద్ధతి, కూరగాయలను కడుగుట వంటి జాగ్రత్తలన్నింటినీ కలిపి చూడవలెనని తెలిపినది.

పశ్చిమ కర్నూలు పంటలను ఈ దృష్టితో చూచినచో ప్రత్తి అన్నింటికంటె అనుకూలం, ఎందుకనగా అది ఆహారం కాదు. ఆముదం, పశుగ్రాసం, కలపచెట్లు కూడా తగినవే. వేరుశనగ కాయ నేలలోనే ఊరుతుంది గనుక జాగ్రత్త కావలెను. ఉల్లి, టమాటా పచ్చిగా తినేవి కాబట్టి ఉత్తమ శుద్ధి పొందిన నీటినే వాడవలెను. నీటిని ఆకులపై చల్లక, సాళ్ళలోనో బిందు సేద్యంలోనో ఇచ్చుట మంచిది. బిందు గొట్టాల రంధ్రాలు మూసుకొనిపోకుండా ముందు ఇసుక వడపోత ఉండవలెను.

మురుగునీరు ప్రతి దినమూ వస్తుంది, పైరుకు మాత్రం ప్రతి దినమూ నీరు అవసరం లేదు. వానాకాలంలో మిగిలే నీటిని నిల్వచేయు చెరువు లేకపోతే ఆ నీరు వాగు పాలవుతుంది. కనుక నిల్వ చెరువు కూడా పథకంలో ఒక భాగమే.

=== పరిశ్రమలు, ఇతర అవసరాలు ===

బాయిలర్లు, భవన నిర్మాణం, రోడ్ల పనులు, తోటలు, అగ్నిమాపక ట్యాంకులు శుద్ధజలాన్ని వాడుకోగలవు. ఇవి ఒక్కొక్కటి చిన్నవైనా, వేసవిలో ఆ మేరకు తాగునీరు మిగులుతుంది.

== అద్దకపు నీరు, ఉప్పు సమస్య ==

నేత, అద్దకం ఉన్న పట్టణాలలో ఇది ప్రత్యేకంగా గమనింపదగిన విషయం. నూలుకు రంగు పట్టించుటకు సోడా, ఉప్పు వాడుతారు. రియాక్టివ్ రంగులతో అద్దునపుడు అద్దకపు తొట్టిలో లీటరుకు పదుల గ్రాముల ఉప్పు ఉంటుంది. బాక్టీరియా మలినాన్ని తినగలదు, ఉప్పును తినలేదు. మామూలు శుద్ధి కేంద్రంలో ప్రవేశించిన ఉప్పు ఎంత వచ్చినదో అంతే బయటకు వెళుతుంది.

ఆ నీరు నల్లరేగడికి పెడితే సోడియం మట్టి కణాలను విడదీసి నేలను గట్టిపరుస్తుంది. నీరు ఇంకదు, వేరు ఊపిరాడక పైరు కుంగుతుంది. కొద్ది సంవత్సరాల లాభానికి పొలం చవుడు భూమిగా మారే ప్రమాదం ఉన్నది. తమిళనాడులోని తిరుప్పూరు దీనికి హెచ్చరిక. అక్కడి అద్దకపు నీటితో నొయ్యల్ నది, దానిపై గల ఒరత్తుపాళయం జలాశయం చెడిపోయినవి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అద్దకపు పరిశ్రమల మూసివేతకు ఆదేశించినది. ఉప్పుతో సహా నీటిని పూర్తిగా తిరిగి పొందే పద్ధతులను అమర్చుకొన్న తరువాతనే అవి క్రమంగా తెరచుకొన్నవి.

దీనినుండి తేలేదేమనగా, అద్దకపు నీటిని ఇళ్ళ మురుగులో కలపరాదు. దానికి వేరు కాలువ, వేరు శుద్ధి ఉండవలెను. పరిమాణంలో తక్కువైన ఆ నీటిని ఆవిరి కుంటలలో ఎండబెట్టవచ్చును. నేతగాండ్ర చిన్న కుటుంబాలు ఒంటరిగా ఈ ఖర్చు భరించలేవు కనుక ఉమ్మడి అద్దకశాల, ఉమ్మడి శుద్ధి ఏర్పాటు తగినవి.

== ఇతర ప్రాంతాల అనుభవాలు ==

'''హైదరాబాదు:''' 1908 మూసీ వరదల అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణకు జలాశయాలతో పాటు నగరానికి భూగర్భ డ్రైనేజీని కూడా సూచించారు. నగరం విస్తరించిన తరువాత గొట్టాలు, శుద్ధి వెనుకబడి మూసీ మురుగు నదిగా మారినది. నది దిగువన ఆ నీటితో గడ్డిని, వరిని పండిస్తున్నారు. అంబర్‌పేటలోని 339 ఎం.ఎల్.డి. కేంద్రం వంటివి తరువాత వచ్చినవి.

'''కోలారు:''' తెలుగువారు అధికంగా నివసించే కర్ణాటకలోని కోలారు జిల్లా చెరువులకు 2018నుండి బెంగళూరు శుద్ధజలాన్ని పంపుతున్నారు. ఎండిన చెరువులు నిండి చుట్టుపక్కల బావులలో నీటిమట్టం పెరిగినది. అయితే రెండవ దశ శుద్ధి మాత్రమే జరిగిన నీటిని భూమిలోకి ఇంకించుట క్షేమమా అనే వివాదం న్యాయస్థానాల వరకు వెళ్ళినది.

'''సూరత్, చెన్నై:''' సూరత్ నగరపాలక సంస్థ 2014నుండి పాండేసరాలోని వస్త్ర పరిశ్రమలకు శుద్ధజలాన్ని అమ్ముతున్నది. చెన్నైలో 2019లో కొడుంగయ్యూరు, కోయంబేడులలో ఒక్కొక్కటి 45 ఎం.ఎల్.డి. సామర్థ్యంతో తృతీయ శుద్ధి కేంద్రాలు పనిచేయసాగినవి. రెండుచోట్లా నీటిని కొనేవారిని ముందే నిశ్చయించుకొనుట గమనింపదగినది.

'''ఇతర దేశాలు:''' ఇజ్రాయిల్ తన మురుగునీటిలో అత్యధిక భాగాన్ని సేద్యానికి వాడుతున్నది. నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో 1968నుండి, సింగపూరులో 2003నుండి మురుగునీటిని ఉన్నత స్థాయిలో శుద్ధిచేసి తాగునీటి వనరులలో చేరుస్తున్నారు.

== పారిశుద్ధ్య కార్మికుల భద్రత ==

మూసుకొనిపోయిన మ్యాన్‌హోలులోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించుట ప్రాణాంతకం. హైడ్రోజన్ సల్ఫైడు అధికంగా ఉంటే ఒకటి రెండు శ్వాసలలోనే స్పృహ తప్పుతుంది. రక్షించుటకు దిగినవారు కూడా మరణించిన సంఘటనలు అనేకం. 2013నాటి చట్టం రక్షణ సాధనాలు లేకుండా మనుషులను ఇట్లు దించుటను నేరంగా ప్రకటించినది. మురుగు గొట్టాలలో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు చెల్లించవలెనని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచినది. ఈ కార్మికుల హక్కుల కొరకు పోరాడిన సఫాయి కర్మచారి ఆందోళన్ వ్యవస్థాపకులలో ఒకరైన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనులలో జన్మించిన తెలుగువారు. ఆయనకు 2016లో మెగసెసే పురస్కారం లభించినది.

కనుక ఒక పట్టణం కొత్తగా గొట్టాలు వేయునపుడు వాటితో పాటు జెట్టింగు యంత్రాలను, పీల్చే ట్యాంకర్లను కూడా సమకూర్చుకొనుట తప్పనిసరి. స్వయం శుభ్రతా వేగం లేని గొట్టం పదేపదే మూసుకొంటుంది. అట్లు మూసుకొన్న ప్రతిసారీ ఒక మనిషి ప్రాణానికి అపాయం కలుగుతుంది.

== పథకాలు ==

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు 72,368 ఎం.ఎల్.డి. మురుగునీరు వెలువడుతుండగా నిజంగా శుద్ధి అయ్యేది 20,236 ఎం.ఎల్.డి. మాత్రమే. శుద్ధి కేంద్రాల స్థాపిత సామర్థ్యం 31,841 ఎం.ఎల్.డి. అనగా కట్టిన కేంద్రాలకు కూడా తగినంత మురుగు చేరుటలేదు, లేక అవి పూర్తిగా నడచుటలేదు.

2015 జూన్‌లో ప్రారంభమైన అమృత్ పథకం ప్రధానంగా లక్షకు పైగా జనాభా గల పట్టణాలకు ఉద్దేశించినది. ఆదోని అందులో చేరినది. 2021 అక్టోబరులో ప్రారంభమైన అమృత్ రెండవ దశ నీటి సరఫరా విషయంలో పట్టణాలన్నింటికీ విస్తరించినది. మురుగునీటి పనులకు మాత్రం మొదటి దశలోని పట్టణాలనే తీసుకొన్నది. కొద్దిలో లక్ష దాటని ఎమ్మిగనూరు వంటి పట్టణాలకు మడ్డి శుద్ధి కేంద్రం, మోరీల మళ్ళింపు వంటి తక్కువ ఖర్చు మార్గాలకు అందుచేతనే ప్రాముఖ్యం ఎక్కువ.

== పనుల క్రమం ==

పై విషయాలనుబట్టి ఈ పట్టణాలకు తగిన క్రమాన్ని ఇట్లు చెప్పవచ్చును.

# సెప్టిక్ ట్యాంకుల మడ్డిని నియమిత కాలంలో తీయించి, ప్రత్యేక కేంద్రంలో శుద్ధిచేయుట. గొట్టాలు పూర్తి అయ్యేవరకు ఇదే ఆధారం. వరంగల్లులో 2017లో ఇటువంటి కేంద్రం ఏర్పడినది.
# అద్దకపు నీటిని ఇళ్ళ మురుగునుండి వేరుచేయుట.
# శుద్ధజలాన్ని తీసుకొనే రైతులతోను, మిల్లులతోను ముందుగానే ఒప్పందం కుదుర్చుకొని, దానికి అనువైన చోట శుద్ధి కేంద్రాన్ని నిర్మించుట.
# ప్రధాన మోరీలను కేంద్రానికి మళ్ళించుట.
# దట్టమైన వార్డులతో ప్రారంభించి గొట్టాలు వేయుట. ఒక వార్డులో ఇళ్ళన్నీ కలిసిన తరువాతనే మరొక వార్డుకు పోవుట.
# నెలనెలా నీటి నాణ్యతను పరీక్షించి ఫలితాలను రైతులకు తెలియజేయుట.

రెండు పట్టణాలూ తుంగభద్ర పరీవాహక ప్రాంతంలోనివే. ఇక్కడ శుద్ధి కాని మురుగు వాన వెంట నదిని చేరితే, ఆ నీటిని దిగువన కర్నూలు నగరం తాగవలసి ఉంటుంది. అదే నీరు శుద్ధమై ఇక్కడి ప్రత్తి చేలకు చేరితే, ఆ మేరకు కాలువ నీరు తాగుటకు మిగులుతుంది.

== ఇవి కూడా చూడండి ==

* ఆదోని
* ఎమ్మిగనూరు
* తుంగభద్ర నది
* కర్నూలు జిల్లా
* మూసీ నది
* బిందు సేద్యం